వేమూరు: సీటు మనది, బి-ఫారం ఎవరిది?



"రిజర్వుడు సీటు ఇచ్చారుగా, ఇంకేం కావాలి మీకు?" కాలేజీ స్టాఫ్ రూముల్లో, టీ కొట్ల దగ్గర తరచూ వినే మాట ఇది. దీనికి జవాబు తెనాలి, రేపల్లె, బాపట్ల మధ్యనున్న ఒకే ఒక్క నియోజకవర్గం చరిత్రలో దొరుకుతుంది. అది వేమూరు.

వేమూరు, కొల్లూరు, చుండూరు, భట్టిప్రోలు, అమృతలూరు. ఇవీ దాని మండలాలు. కృష్ణా కాలవల కింద మాగాణి. నాట్లు వేసింది, కోతలు కోసింది మనవాళ్లు. అసెంబ్లీకి వెళ్లింది ఎవరు? 1955లో కల్లూరి చంద్రమౌళి. 1967లో స్వతంత్ర పార్టీ నుంచి యడ్లపాటి వెంకట్రావు, 1978లో కాంగ్రెస్ నుంచి మళ్లీ ఆయనే. 1983లో తెలుగుదేశం నుంచి నాదెండ్ల భాస్కరరావు. మరుసటి ఏడాది ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించి నెల రోజులు ముఖ్యమంత్రిగా కూర్చున్నాయనే. తర్వాత కొడాలి వీరయ్య, ఆలపాటి ధర్మారావు, రెండుసార్లు ఆలపాటి రాజేంద్రప్రసాద్. ఈ ఇంటిపేర్లు చదివాక డెల్టా మనిషికి వేరే వివరణ అక్కర్లేదు.

ఆ కాలంలోనే, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మంది దళితులను పొలాల్లో తరిమి నరికారు. శవాలను గోతాల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. నేరం జరిగిన ఊళ్లోనే కోర్టు పెట్టాలని బాధితులు పట్టుబట్టి సాధించుకున్నారు. 2007 జూలై 31న ఆ ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. ఇది గుర్తుపెట్టుకోండి. అప్పటికి వేమూరు జనరల్ సీటే. ఆ తీర్పు తెచ్చింది ఉద్యమం, సాక్షుల గుండె ధైర్యం.

2008 పునర్విభజనతో వేమూరు ఎస్సీ సీటయింది. బాపట్ల పార్లమెంటు స్థానం కూడా ఎస్సీకే వచ్చింది. చుండూరు ఒక్కటే కాదు, 1985 నాటి కారంచేడు కూడా ఆ పార్లమెంటు స్థానం పరిధిలోనే ఉంది. అంటే మన రెండు గాయాలకూ ఒకే రిజర్వుడు సీటు! 2009లో, 2014లో నక్కా ఆనందబాబు, 2019లో మేరుగ నాగార్జున, 2024లో మళ్లీ ఆనందబాబు గెలిచారు. ఇద్దరూ మంత్రులుగా చేశారు. ఇది చిన్న మార్పు కాదు. యాభై ఏళ్ల పైచిలుకు మూసుకున్న తలుపు తెరుచుకుంది. తెరిచిన తాళంచెవి ఎవరి దగ్గరుందన్నదే నా ప్రశ్న.

2014 ఏప్రిల్ 22న హైకోర్టు చుండూరు కేసులో శిక్షపడిన వాళ్లందరినీ విడుదల చేసింది. పదిహేను రోజులకే, మే 7న పోలింగ్. రిజర్వుడు సీట్లో ప్రధాన అభ్యర్థులందరూ దళితులే కాబట్టి, ఎవరు గెలవాలో తేల్చేది చాలావరకు మిగతా కులాల ఓట్లు. చుండూరు పేరెత్తితే ఆ ఓట్లు పోతాయన్న భయం ఎంతటి అభ్యర్థినైనా కట్టేస్తుంది. దీన్ని వ్యక్తుల పిరికితనం అనను. ఏర్పాటే అలాంటిది.

ఆ ఏర్పాటు వేళ్లు 1932లో ఉన్నాయి. బాబాసాహెబ్ అడిగింది ప్రత్యేక నియోజకవర్గాలు, అంటే మన ప్రతినిధిని మనమే ఎన్నుకోవడం. గాంధీ నిరాహార దీక్ష తర్వాత, సెప్టెంబర్ 24న పూనా ఒప్పందంలో ఉమ్మడి ఓటు వచ్చింది. సీట్లు పెరిగాయి. మద్రాసు రాష్ట్రానికి 30 దక్కాయి. అయితే ఆ ఒప్పందంలో ఒక చిన్న రక్షణ ఉండేది. ముందు దళిత ఓటర్లు మాత్రమే ఓటేసి నలుగురి పేర్లు ఎంచాలి. ఆ నలుగురిలోంచే అందరూ కలిసి ఒకరిని గెలిపించాలి. రాజ్యాంగం వచ్చాక సీట్లు నిలిచాయి, ఆ నాలుగు పేర్ల పద్ధతి పోయింది. దాని స్థానంలోకి పార్టీ ఆఫీసు బి-ఫారం వచ్చింది.

బి-ఫారం బలమెంతో 2024లో చూశాం. వేమూరు ఎమ్మెల్యేగా, మంత్రిగా ఉన్న నాగార్జునను ఆయన పార్టీ సంతనూతలపాడుకు పంపింది. కొండపిలో పనిచేస్తున్న వరికూటి అశోక్‌బాబును వేమూరుకు తెచ్చింది. కొండపికి యర్రగొండపాలెం నుంచి మరో మంత్రి ఆదిమూలపు సురేష్‌ను పంపింది. అన్నీ ఎస్సీ సీట్లే. జనరల్ సీట్లలోనూ మార్పులు జరిగాయి, నిజమే. కానీ అక్కడి నాయకుడికి భూమి, వ్యాపారం, బంధుబలగం ఉంటాయి. కాదంటే ఎదురు నిలుస్తాడు. మనవాడికి ఉన్న బలమల్లా ఆ కాగితమే. పైనుంచి వచ్చింది కాబట్టి పైకే జవాబు చెబుతాడు.

అందుకని రిజర్వేషన్ దండగ అనను. అలా అనేవాళ్ల సరసన నేను నిలబడను. రాష్ట్రంలో 175 సీట్లలో మనకున్న 29 రాజ్యాంగం ఇచ్చిన హక్కు. పోయింది ఆ నాలుగు పేర్లు. వాటిని తిరిగి తెచ్చుకోవడానికి చట్టం మారేదాకా ఆగక్కర్లేదు. ఎన్నికలకు ఏడాది ముందే అయిదు మండలాల్లోని మాలపల్లెలు, మాదిగపల్లెలు, ఆడవాళ్లూ మగవాళ్లూ ఒకచోట కూర్చుని నాలుగు పేర్లు రాయండి. వాటిని అన్ని పార్టీల ముందూ పెట్టండి. వీళ్లలో ఒకరికి ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో మా పేటకొచ్చి చెప్పమనండి. ఆ పేర్లలో ఉన్నవాళ్లను కూడా ముందే అడగండి: చుండూరు గురించి అసెంబ్లీలో మాట్లాడతావా లేదా?

మాట్లాడతానన్న మనిషికే మన చేత్తో పేరు రాద్దాం.