గడువు ఎవరి చేతిలో ఉంది?

మా మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో "ప్రాజెక్టు" అంటే వెలిగొండే. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టిన ఆ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ నీటిని కొండల కిందుగా తెచ్చే సొరంగాలలో మొదటిది 2021లో, రెండవది 2024లో పూర్తయ్యాయి. ఆ మార్చిలో ప్రాజెక్టును జాతికి అంకితం చేసేనాటికి కూడా నిర్వాసితుల పునరావాసం మిగిలే ఉంది.

నా పూర్వవిద్యార్థి ఒకతను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మేనేజరు. సంక్రాంతికి ఊరికి వచ్చి, రాత్రి పదకొండు గంటలకు, రెండు రోజుల ఆలస్యానికి అమెరికా ఖాతాదారుకు ఫోనులో సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. అక్కడ 28 ఏళ్ళు, ఇక్కడ రెండు రోజులు! ఈ వ్యత్యాసానికి మూలం యంత్రాలలో లేదు, చరిత్రలో ఉంది.

కర్మాగారంలో పనిని ముక్కలు చేసి గడియారంతో కొలవడాన్ని 1911లో టేలర్ శాస్త్రంగా ప్రతిపాదించాడు. అతని సహచరుడు గాంట్ పేరుమీద ప్రసిద్ధమైన కాలపట్టిక నేటికీ మేనేజర్ల ముందుంది. కాని 1968లో జర్మనీలోని గార్మిష్‌లో చేరిన నిపుణులు, సాఫ్ట్‌వేర్ ఆ కొలతకు లొంగడం లేదని గుర్తించారు. ఐ.బి.ఎం.లో భారీ ఆపరేటింగ్ సిస్టం నిర్మాణాన్ని నడిపిన బ్రూక్స్ 1975లో తన అనుభవసారం రాశాడు: ఆలస్యమైన పనిలో మనుషులను చేర్చితే అది మరింత ఆలస్యమౌతుంది. కొత్తవారికి నేర్పడంలో పాతవారి కాలం పోతుంది. పదిమంది మధ్య సమన్వయమే ఒక పనవుతుంది. అంటే శ్రమ బస్తాలలో తూచే సరుకు కాదు.

2001నాటి అజైల్ ప్రకటన, బృందమే తన పనిని తీర్చుకోవాలనీ, ఎల్లకాలం కొనసాగించగల వేగంతోనే నడవాలనీ చెప్పింది. నా విద్యార్థి అనుభవంలో అది రెండు వారాలకొక గడువుగా మిగిలింది. గడువును ఒప్పందం కుదిర్చినవారు ముందే నిర్ణయిస్తారు. పనిని విభజించి, అంచనా కట్టి, రోజూ ఉదయం లెక్క అడిగేది మాత్రం అతను.

"మాస్టారూ, మా తాత మేస్త్రీ. నేనూ అంతే" అన్నాడు నవ్వుతూ. అది సగమే నిజం. ఇతరుల గంటలను లెక్కించే ఈ మేస్త్రీ గంటలను లెక్కించేవారు లేరు.

గడువు కేవలం సాంకేతిక విషయం కాదు. ఖాతాదారు చేతిలో ఒప్పందం ఉంది, జరిమానా ఉంది. మా రైతు చేతిలో అర్జీ మాత్రమే ఉంది. కనుక కాలపట్టికను తగలబెట్టడం పరిష్కారం కాదు. దాన్ని నిర్ణయించడంలో పనిచేసేవారికి మాట ఉండాలి; దాని ప్రకారం లెక్క అడిగే హక్కు నీటికోసం ఎదురుచూసేవారికి ఉండాలి.