కాపరి కుక్కలూ, మన మేనరికాలూ

ఇక్కడివాళ్ళు కుక్కలకు చేసే సేవలు చూసి మనలో నవ్వుకోనివాళ్ళుండరు. నేనూ నవ్వినవాణ్ణే. నార్తంబర్లాండ్ కొండల దగ్గర ఉద్యోగానికి వచ్చాక ఒక ముసలి గొర్రెల కాపరి నా పేషెంటయ్యాడు. తుంటి ఆపరేషనయిన మూడోనాడే "ఇంటికెప్పుడు పంపుతారు డాక్టరు గారూ, నా కుక్క చదువు ఆగిపోతోంది" అన్నాడు. ఆ చదువేమిటో చూద్దామని వెళ్ళి, దాని చరిత్రలో పడ్డాను.

బ్రిటన్‌లో మొదటిదని చెప్పుకునే కాపరి కుక్కల పోటీ 1873లో వేల్స్‌లోని బాలాలో జరిగింది. గెలిచింది మాత్రం అక్కడ స్థిరపడిన ఒక స్కాట్లండ్ ఆయన కుక్క, ట్వీడ్. వలస వచ్చినవాడు గెలిచాడని మనమూ కాస్త సంతోషించవచ్చు!

ఆ రోజుల్లో చాలా కుక్కలు మొరిగి, బెదిరించి మందను తోలేవి. నార్తంబర్లాండ్‌కు చెందిన ఆడం టెల్ఫర్ మరో రకం కుక్క కోసం చూశాడు. ఆయన దగ్గర రాయ్ అనే నెమ్మదైన మగకుక్క, మెగ్ అనే బిడియపు ఆడకుక్క ఉండేవి. మెగ్ చూపులో గొప్ప పట్టుండేది. ఈ రెంటికీ 1893లో హెంప్ పుట్టింది. అది అరవకుండా, కరవకుండా, ఒళ్ళు వంచి చూపుతోనే గొర్రెలను కదిలించేది. 1901లో చనిపోయేలోగా సుమారు రెండు వందల పిల్లలకు తండ్రి అయిందంటారు. ఈనాటి బార్డర్ కోలీలు దాదాపు అన్నీ దాని సంతతే.

1906లో కాపరులు అంతర్జాతీయ కాపరి కుక్కల సంఘం పెట్టుకున్నారు. బార్డర్ కోలీ అన్న పేరు 1915లో ఆ సంఘం కార్యదర్శి జేమ్స్ రీడ్ వాడినది. రంగూ, చెవులూ ఎలాగున్నా వాళ్ళు చూసేది పనితనమే. అందం కొరుక్కుతింటామా? 1976లో కెన్నెల్ క్లబ్ ఈ జాతిని ప్రదర్శనల్లోకి తీసుకున్నప్పుడు కూడా, పూర్తి చాంపియన్ బిరుదు కావాలంటే మంద దగ్గర పరీక్ష నెగ్గాలన్న నియమం నిలిచింది.

మా ముసలాయన శిక్షణ చూశాను. "కమ్ బై" అంటే మంద చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపు, "అవే" అంటే దానికి ఎదురు వైపు. "తోలడం పుట్టుకతోనే వస్తుంది, ఆగడమే నేర్పాలి" అన్నాడాయన.

ఒకరోజు పొరుగాయన తన ఆడకుక్కతో జత కట్టించమని అడిగాడు. ఈయన వంశపత్రం విప్పి చూసి వద్దన్నాడు. "రెండు వైపులా ఒకే తాత." 1965లో విస్టన్ క్యాప్ అనే కుక్క సుప్రీం చాంపియనయ్యాక అందరూ దాని పిల్లలే కావాలన్నారు. ఇప్పుడు చాలా వంశపత్రాల్లో అదే పేరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ఈ జాతిలో కొన్ని కంటి జబ్బులు తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ చెడ్డ జన్యువు వస్తేనే బయటపడతాయి. అందుకే పరీక్షలు పెట్టారు. పనిలో నెగ్గితే పత్రం లేని కుక్కకూ సంఘం పుస్తకంలో చోటిస్తారు. అలా కొత్త రక్తం వస్తుంది.

ఆ వారంలోనే మా అమ్మ ఫోను చేసింది. మా అక్క కూతురికి మేనబావ సంబంధం అనుకుంటున్నారట. "డాక్టరువి గదా, ఏమంటావు?" అంది.

మనుషులను పశువులతో పోల్చడం నా ఉద్దేశం కాదు. కాని జన్యువుల లెక్క ఒకటే. మేనబావా మరదళ్ళకు ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడి, మేనమామా మేనకోడళ్ళకు నాలుగో వంతు. మేనబావ మరదళ్ళ పిల్లల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారు. అయినా పుట్టుకతో లోపాలుండే అవకాశం మామూలుగా నూటికి సుమారు మూడైతే, వీళ్ళలో ఆరు దాకా ఉంటుంది. తరతరాలుగా మేనరికాలున్న ఇళ్ళలో ఇంకా జాగ్రత్త పడాలి.

మా ఇంట్లో చిన్నప్పుడే పోయిన ఒక మేనత్త కొడుకు సంగతి ఎవరూ మాట్లాడరు. ఆ రోజు అమ్మను అడిగాను. చాలాసేపు పలకలేదు. తరువాత ఒక్కొక్క పేరే చెప్పింది, నేను కాగితం మీద రాసుకున్నాను. మూడు తరాలలో రెండుసార్లు వాళ్ళ పిల్లనే చేసుకున్నాం. ఆ కాగితం అక్కకు పంపాను, జన్యు వైద్యుణ్ణి కలిసి, ముందుగా పిల్లను అడిగి నిర్ణయించుకోమని.