సోలాపూరు తెలుగువారును బట్టమేక పక్షియు

సోలాపూరు తూర్పు పేటలలో మగ్గముల చప్పుడు నడుమ వసించు పద్మశాలీయుల పూర్వులు పెక్కురు తెలంగాణపు మెట్టసీమల నుండి వచ్చినవారు. 1877లో ఇచ్చట నూలు మిల్లు పని ప్రారంభించిన పిమ్మట ఈ వలసకు మరింత ఊతము లభించెను. వారు విడిచిన సీమకును చేరిన సీమకును ఒక పోలిక గలదు. రెండింటను వానలు తక్కువ, గడ్డిబీళ్లు ఎక్కువ. ఆ బీళ్లలో తిరుగు మహాపక్షిని తెలుగువారు బట్టమేక యనిరి. మరాఠీయులు మాళఢోక్ అందురు. మాళ మనగా మెట్టబయలు. మగపక్షి పదునైదు కిలోల వరకు తూగును. పెట్ట సాధారణముగ నేలపైననే ఒక్క గ్రుడ్డు పెట్టును. కుక్కకో పశువు గిట్టకో ఆ గ్రుడ్డు బలియైనచో ఆ ఈతకు సంతానము లేనట్లే.

పట్టణమునకు ఉత్తరమున సుమారు 20 కిలోమీటర్ల దూరమున నాన్నజ్ గ్రామము గలదు. 1970 దశకపు ఆరంభమున సోలాపూరు వాసి బి. ఎస్. కులకర్ణి అచ్చటి బట్టమేకలను గమనించి లోకమునకు తెలిపెను. కరవు ప్రాంతముల పథకము క్రింద మేపు నిలిపిన బీళ్లలో గడ్డి పెరుగగా పక్షులు చేరెను. 1979లో 8,496 చదరపు కిలోమీటర్ల అభయారణ్యము ప్రకటింపబడెను. అరణ్యమను మాటయే ఇచ్చట పొసగదు. ఈ పక్షికి వలసినది చెట్టు కాదు, బయలు. నాటిన గ్లిరిసిడియా చెట్లు గుబురైన కొలదియు దానికి చోటు తగ్గెను. ఇంతేకాక ఊళ్లును, రైతుల పొలములును అభయారణ్యపు హద్దులలో చిక్కుకొనుటచే భూముల క్రయవిక్రయములకు ఆటంకము కలిగి, జనులకు పక్షిపైననే కినుక పుట్టెను. తరువాత ఆ విస్తీర్ణమును 1,222 చదరపు కిలోమీటర్లకు కుదించిరి. ప్రజల మనసు చూరగొనక గీతలు గీచినందున కలిగిన చిక్కు ఇది.

జాతీయ పక్షిని ఎన్నుకొను చర్చలో సలీం అలీ బట్టమేకను సూచించెను గాని, 1963లో ఆ గౌరవము నెమలికి దక్కెను. సోలాపూరు దుప్పట్లపై తరచుగ కానవచ్చునదియు నెమలియే. పొరుగు బయటి పక్షికి అట్టి ఆదరము దొరకలేదు.

సెలవుదినమున నాన్నజ్ పోవు పేటల కుటుంబములు కుక్కలను వెంట గొనిపోకుండుట, గడ్డిలోనికి బండ్లు దింపకుండుట, పుణ్యమని బీడులో మొక్కలు నాటకుండుట చిన్న పనులుగ తోచును. నేలపై గ్రుడ్డు పెట్టు జీవికి అవియే పెద్ద రక్ష. తెలుగునాట కర్నూలు సీమలోని రోళ్లపాడునందు 1988లో ఇట్టి అభయారణ్యమే వెలసినను, అచ్చటను బట్టమేక దాదాపు కనుమరుగైనది. నాన్నజ్‌లో నేడు ఒకటి రెండు కనబడుటయే అరుదు. అయినను ఆ గడ్డిలో కృష్ణజింకలును, తోడేళ్లును, నేలపై గూడుకట్టు భరతపక్షులును ఇంకను జీవించుచున్నవి.