ఒకే కాగితం మీద ఎనిమిది ఫోటోలు

మా ఇంట్లో పాతవాళ్ళ ఫోటోలు చాలావరకు చిన్నవే. గోడకు తగిలించిన పెద్ద పటాలు ఒకటో రెండో ఉంటాయి, మిగతావన్నీ పాస్‌పోర్ట్ సైజు ముక్కలు. ఇట్లా ఒకే ముఖాన్ని చిన్నగా, ఎక్కువ కాపీలు తీసే పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. బళ్ళారిలో మా ఇంటి సామాన్ల గదిలో పెద్దనాయన చేసిన పని కూడా అందులో భాగమే అని మేము అనుకుంటాం.

మొదట్లో ఫోటో అంటే ఒక్కటే. 1839లో ఫ్రాన్సులో ప్రకటించిన డాగెరోటైప్ పద్ధతిలో, వెండి పూత పూసిన రాగి రేకు మీద నేరుగా బొమ్మ పడేది. నెగెటివ్ లేదు కాబట్టి ఇంకొకటి కావాలంటే మనిషి మళ్ళీ వచ్చి కూర్చోవాల్సిందే. నెగెటివ్‌లు వచ్చినాక కాపీలు తీయడం కుదిరింది గానీ, ఒక్కొక్కటి తీస్తే ఖర్చు తగ్గలేదు. 1854లో పారిస్ ఫోటోగ్రాఫర్ డిస్‌డేరి ఒక పేటెంట్ తీసుకున్నాడు. ఒకే గాజు పలక మీద చిన్న బొమ్మలు పక్కపక్కనే తీయడం, అన్నిటినీ ఒకే కాగితం మీద ఒకేసారి ముద్రించడం, తర్వాత కత్తిరించి అట్టలకు అంటించడం. పలకకు ఎనిమిది బొమ్మలు మామూలైపోయాయి. 1860లో విక్టోరియా రాణి కుటుంబం ఫోటోలు ఈ సైజులో అమ్మకానికి వచ్చినాక, ఇళ్ళల్లో ఆల్బమ్‌లు పెట్టుకోవడం బాగా పెరిగింది.

ఇందులో కిటుకు ఒక్కటే. వెలుతురు ఎన్నిసార్లు వేసినా క్షణాల పని. మందులో ముంచడం, కడగడం, ఆరబెట్టడం మాత్రం గంటల పని. ఆ గంటల పని ఒక్కసారే చేస్తే చాలు.

మా వాళ్ళకు కాపీలు ఎందుకు కావాల్సి వచ్చాయంటే, 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి పోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో నిలిచాయి. మా మేనత్తల ఇళ్ళు, అవ్వ పుట్టిల్లు అన్నీ ఆ పక్కనే. రాకపోకలు ఆగలేదు గానీ ఆఫీసులు, కాగితాలు వేరైపోయాయి. ఏ ఫోటో తీసినా అరడజను ఇళ్ళకు పంచాల్సి వచ్చేది.

ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1967లో తయారీ మొదలుపెట్టింది. పెద్దనాయన వాడింది వాళ్ళ 'ఇందు' బ్రోమైడ్ కాగితమే. హాఫ్ ప్లేట్ సైజు, అంటే నాలుగుముప్పావు అంగుళాలకు ఆరున్నర. దాని మీద 35 × 45 మిల్లీమీటర్ల ఫోటోలు వరసకు నాలుగు చొప్పున రెండు వరసలు పడతాయి, చుట్టూ అంచు కూడా మిగులుతుంది.

నల్ల అట్టలో ఆ కొలతకు కిటికీ కోసి, ఎన్‌లార్జర్ లెన్సు కింద కదలకుండా బిగించేవాడు. అట్ట కింద కాగితం గుర్తుల ప్రకారం ఒక్కో గడి జరుగుతుంది. జరిపేటప్పుడు లెన్సుకు ఎర్ర ఫిల్టరు అడ్డం పెట్టేవాడు. బ్రోమైడ్ కాగితానికి ఎర్ర వెలుతురు తగిలినా ఏమీ కాదు, బొమ్మ ఎక్కడ పడుతుందో మాత్రం కంటికి కనిపిస్తుంది. ముందు ఒక చిన్న ముక్క మీద సెకన్లు మార్చి చూసి, సరిపోయిన లెక్కనే ఎనిమిది గడులకూ వాడేవాడు. గడికి 9 సెకన్లంటే మొత్తం 72 సెకన్లు. తర్వాత డెవలపర్లో రెండు నిమిషాలు, హైపోలో పది నిమిషాలు, కడగడం ఒక గంట.

కాగితం ముందే కోసుకుంటే ట్రేలో ముక్కలు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఒకటి నల్లగా, ఒకటి తెల్లగా తేలుతుంది. పైగా మా వీధి కొళాయికి రోజూ నీళ్ళు రావు. బేసిన్లో ఐదు నిమిషాలకోసారి నీళ్ళు మార్చినా గంటకు పన్నెండు బేసిన్లు. అందుకే కడుగుడు ఒక్కటే ఉండాలని పెద్దనాయన పట్టుదల. ఎండాకాలం రాత్రిపూటే పని, మందు కలపడానికి కుండ నీళ్ళు.

1978లో తాత పోయినాక, ఫ్యామిలీ పెన్షన్ కాగితాల కోసం అవ్వ మొదటిసారి కెమెరా ముందు కూర్చునింది. ఆ షీటులో ఎనిమిది వచ్చాయి. మూడు ఆఫీసుకు పోయాయి. ఒకటి ఇంట్లో, ఒకటి బెంగళూరు చిన్నాయనకు, ఆదోని మేనత్తకు, రాయదుర్గం మేనత్తకు ఒక్కోటి, ఆలూరులో అవ్వ పుట్టింటికి ఒకటి. ఎవరికి ఏదో పెద్దనాయన వెనకపక్క పెన్సిల్‌తో తెలుగులో రాసినాడు. మేము బడిలో కన్నడ చదివినవాళ్ళం, ఆ పేర్లు కూడబలుక్కుని చదివినాం.

ఇంట్లోది పెద్ద పటం చేయించడానికి ఒక స్టూడియోకి పోయి, తిరిగి రాలేదు. పటం కూడా అంతంతమాత్రంగానే వచ్చింది. నెగెటివ్ చెమ్మకు పాడైపోయింది. బెంగళూరుది ఫ్రేము గాజుకు అతుక్కుపోయింది. రాయదుర్గంది పూజ గదిలో పెట్టినందుకు నుదుటి మీద కుంకుమ మరక. ఆదోనిది రేషన్ కార్డుతో పాటు రేకు డబ్బాలో ఉండి, నిన్న కడిగినట్టుంది. అన్నీ ఒకే మందులో మునిగి, ఒకే నీళ్ళల్లో కడిగినవే. తేడా అంతా అవి పెరిగిన ఇళ్ళదే. అవ్వకు మా దగ్గర వేరే ఫోటో లేదు. ఎనిమిది తీసినందుకే ఆ ఒక్కటన్నా మిగిలింది.

ఆలూరుది ఇంకా దొరకలేదు. మన వాళ్ళలో ఎవరి దగ్గరైనా పాత ట్రంకు పెట్టెలు, పాస్‌బుక్కులు ఉంటే ఒకసారి చూడండి. గాజుకు గానీ కాగితానికి గానీ అతుక్కున్న ఫోటోను పీకొద్దు, ఉన్నది ఉన్నట్టే స్కాన్ చేయండి. విడిగా ఉంటే వెనకపక్క కూడా స్కాన్ చేసి పంపండి. పేర్లు అక్కడే ఉంటాయి.