రిజిస్టరుకెక్కని తుపాకీ

1840 నవంబరు 12 రాత్రి అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో ముసుగులు వేసుకున్న ఇద్దరు విద్యార్థులు తుపాకులు పేలుస్తూ అల్లరి చేస్తున్నారు. న్యాయశాస్త్రం చెప్పే జాన్ డేవిస్ అనే ఆచార్యుడు చప్పుడు విని బయటికొచ్చి, ఒకడి ముసుగు లాగబోయాడు. వాడు కాల్చాడు. రెండు రోజులకు ఆచార్యుడు పోయాడు. ప్రాణం పోయేదాకా తనను కాల్చింది ఎవరో ఆయన చెప్పలేదని, పెద్దమనిషి అయితే తానే వచ్చి ఒప్పుకుంటాడని అన్నాడని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎవడూ వచ్చి ఒప్పుకోలేదు. దొరికినవాడు జామీను మీద బయటికొచ్చి ఉడాయించాడు.

అక్కడ తుపాకీ మీద నిషేధం అప్పటికే ఉంది. విశ్వవిద్యాలయం తలుపులు తెరవకముందే, 1824 అక్టోబరులో, జెఫర్సన్, మాడిసన్ లాంటి వాళ్ళు కూర్చున్న పాలకమండలి విద్యార్థులెవరూ ఆయుధాలు గానీ మందుగుండు గానీ ఉంచుకోకూడదని నియమం రాసింది. కాబట్టి బడిలో తుపాకీ వద్దన్న మాట అమెరికాకు కొత్తేమీ కాదు, రెండు వందల ఏళ్ళ నాటిది. ఇక్కడ చెప్పుకోవలసిన కథ వేరు. తుపాకీ సంగతి తెలిసినవాడు ఎవరికి చెప్పాడు, విన్నవాడు రాసుకున్నాడా, రాసిన కాగితం ఏ బల్ల మీద ఆగిపోయింది అన్నది ఆ కథ.

పంతొమ్మిదో శతాబ్దమంతా ఈ వ్యవహారం కోర్టులదీ పత్రికలదీ. 1853లో కెంటకీలోని లూయీవిల్‌లో, తన తమ్ముణ్ణి దండించిన పంతులును ఒక సంపన్న కుటుంబపు యువకుడు తరగతి గదిలోనే కాల్చి చంపాడు. మరుసటి ఏడాది జ్యూరీ అతన్ని నిర్దోషిగా వదిలేసింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. అంతటితో సరి. బడి తన తరఫున ఫలానా వాళ్ళకు ఫలానా నివేదిక పంపాలన్న ఊహ అప్పటికి ఎవరికీ లేదు.

ఆ ఊహ పుట్టడానికి మరో వందేళ్ళు దాటాయి. 1966 ఆగస్టు 1న ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ విట్‌మన్ అనే విద్యార్థి గడియారపు గోపురమెక్కి, గంటన్నరకు పైగా కింద నడిచేవాళ్ళను కాల్చాడు. ఆ మధ్యాహ్నం ఊరిని ఇళ్ళలోనే ఉండమని హెచ్చరించింది స్థానిక రేడియో వార్తావిభాగం. ప్రాంగణమంతటికీ ఒక్కసారి చెప్పే సాధనం విశ్వవిద్యాలయం దగ్గర లేదు. అసలు విషయం తర్వాత బయటపడింది. అదే ఏడాది మార్చి 29న విట్‌మన్ విశ్వవిద్యాలయపు మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాడు. జింకల వేట తుపాకీతో ఆ గోపురమెక్కి జనాన్ని కాల్చాలనిపిస్తోందని చెప్పాడు. వైద్యుడు విన్నాడు, రాసుకున్నాడు, వచ్చే వారం రమ్మన్నాడు. కుర్రాడు రాలేదు. నాలుగు నెలల పాటు ఆ కాగితం ఫైలులో ఉంది. వైద్యుణ్ణి తప్పుపట్టడం సులువే గానీ, ఆ రోజుల్లో అలాంటి కాగితం ఆయన గది దాటి ఎవరి చేతికి చేరాలో చెప్పే నియమం ఏదీ లేదు. విశ్వవిద్యాలయం ఒక్కరోజు మూతపడి మళ్ళీ తెరుచుకుంది. చనిపోయినవాళ్ళ పేర్లు ఆ ఆవరణలో రాతి మీదికి ఎక్కింది 2016 ఆగస్టు 1న, యాభై ఏళ్ళకు. విచిత్రమేమిటంటే లైసెన్సు ఉన్నవాళ్ళు ప్రాంగణంలోకి తుపాకీ తెచ్చుకోవచ్చన్న టెక్సస్ చట్టం అమల్లోకి వచ్చింది కూడా సరిగ్గా ఆ రోజే.

ఫెడరల్ ప్రభుత్వం ఈ సంగతిలో చెయ్యి పెట్టింది 1990లో, బడుల చుట్టుపక్కల తుపాకీ ఉంచుకోవడం నేరమంటూ. రెండేళ్ళకు శాన్ ఆంటోనియోలో పన్నెండో తరగతి కుర్రాడొకడు .38 రివాల్వర్, ఐదు తూటాలతో బడికొచ్చి దొరికాడు. ఎవరో పేరు చెప్పకుండా సమాచారమిచ్చారు. చిన్న కేసు, కానీ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1995లో 5-4 తేడాతో కోర్టు ఆ చట్టాన్నే కొట్టేసింది. బడి దగ్గర తుపాకీ ఉండటం అంతర్రాష్ట్ర వాణిజ్యం కిందికి రాదు, కాంగ్రెస్‌కు ఆ అధికారం లేదు అన్నది తీర్పు. మరుసటి ఏడాదే, అంతర్రాష్ట్ర వాణిజ్యంలో తిరిగిన తుపాకీ అయితేనే నేరం అని మాట చేర్చి కాంగ్రెస్ దాన్ని మళ్ళీ తెచ్చింది. ఆచరణలో తిరగని తుపాకీ ఎక్కడుంటుంది!

బడుల రోజువారీ పనిని నిజంగా మార్చింది 1994 నాటి మరో చట్టం. తుపాకీ తెచ్చిన విద్యార్థిని కనీసం ఏడాది పాటు బడి నుంచి పంపెయ్యాలి, పోలీసులకు అప్పగించాలి, ఆ లెక్క రాష్ట్రానికి చెప్పాలి. లేకపోతే ఫెడరల్ డబ్బు రాదు. సడలింపు ఇవ్వదలిస్తే పై అధికారి ఒక్కో కేసు చూసి ఇవ్వవచ్చు. 1996-97 విద్యా సంవత్సరంలో 6,093 మందిని పంపేసినట్టు రాష్ట్రాలు చెప్పాయి. అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. చట్టం లెక్కపెట్టమన్నది బహిష్కరణలను, తుపాకులను కాదు. బయటివాడు గోడ దూకి వచ్చి కాలిస్తే బహిష్కరించడానికి విద్యార్థి ఉండడు, కాబట్టి ఆ పట్టికలో గడీ ఉండదు. మరోపక్క కఠినత్వం ముదిరి నవ్వులపాలైంది కూడా. 2013లో మేరీలాండ్‌లో ఏడేళ్ళ పిల్లాడొకడు బడిలో తినే తీపి బిస్కట్టును తుపాకీ ఆకారంలో కొరికాడని రెండు రోజులు సస్పెండ్ చేశారు. ఆ కాగితం మాత్రం చక్కగా నిండింది.

కాలేజీల దారి వేరు. 1986లో పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయంలో జీన్ క్లెరీ అనే మొదటి సంవత్సరం విద్యార్థిని హాస్టల్ గదిలోనే హత్యకు గురైంది. అక్కడ తుపాకీ లేదు. కానీ ఆ ప్రాంగణంలో జరుగుతున్న నేరాల సంగతి తమకెవరూ చెప్పలేదని తల్లిదండ్రులు పోరాడారు, 1990లో చట్టం వచ్చింది. నేరాల లెక్క ఏటా అక్టోబరు 1లోగా ప్రచురించాలి, ప్రమాదం పొంచి ఉంటే వేళకు హెచ్చరించాలి. ఫెడరల్ నిధులు తీసుకునే ప్రతి కాలేజీకీ ఇది తప్పనిసరి. చిన్న పిల్లల బడులకు మాత్రం ఇంతటి చట్టం లేదు. పద్దెనిమిది నిండినవాళ్ళ తల్లిదండ్రులకున్న హామీ ఆరేళ్ళ పిల్లల తల్లిదండ్రులకు లేకపోవడం నాకెప్పటికీ కొరుకుడుపడదు.

1999 ఏప్రిల్ 20 నాటి కొలంబైన్ హైస్కూలు కాల్పుల గురించి ఇప్పటికే వాల్యూములు నిండాయి. ఇక్కడికి కావలసింది ఒక్క కాగితం. కాల్పులు జరిపిన ఇద్దరిలో ఒకడి బెదిరింపుల మీద ఒక కుటుంబం అంతకు ఏడాది ముందే షెరీఫ్ ఆఫీసుకు ఫిర్యాదు చేసింది. ఇల్లు సోదా చెయ్యడానికి అఫిడవిట్ ముసాయిదా కూడా తయారైంది. అది జడ్జి ముందుకు పోలేదు. అలాంటి అఫిడవిట్ ఉందన్న సంగతే లోకానికి 2001 దాకా తెలియదు. కొలంబైన్ తర్వాత సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి 37 బడి దాడులను తిరగేశాయి. నూటికి 81 దాడుల్లో కనీసం ఒక్కరికైనా ముందే తెలుసని తేలింది. ఆ ఒక్కరు ఎక్కువగా తోటి పిల్లలే. పిల్లలకు తెలిసింది పెద్దల దాకా ఎందుకు రాలేదన్న ప్రశ్న అక్కణ్ణుంచి మొదలైంది.

2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్‌లో ఉదయం 7:15 ప్రాంతంలో హాస్టల్‌లో ఇద్దరిని కాల్చారు. పోలీసులు వ్యక్తిగత గొడవ అనుకున్నారు. అధికారులు సమావేశమయ్యారు, ఈమెయిల్‌లో ఏ మాట వాడాలో చూసుకున్నారు. 9:26కు మెయిల్ వెళ్ళింది. కాల్పుల ఘటన జరిగిందని, దర్యాప్తు సాగుతోందని చెప్పింది తప్ప హంతకుడు దొరకలేదని చెప్పలేదు. పావుగంట తిరక్కముందే నోరిస్ హాల్‌లో కాల్పులు మొదలయ్యాయి. అక్కడ 30 మంది పోయారు. వాళ్ళలో పాఠం చెబుతున్న తమిళ ఆచార్యుడు లోగనాథన్ ఒకరు. ఆ రెండు గంటల ఆలస్యానికి విద్యాశాఖ 2011లో 55,000 డాలర్ల జరిమానా వేసింది. అప్పీళ్ళు తిరిగి తిరిగి చివరికి విశ్వవిద్యాలయం కట్టింది 32,500. మరోపక్క రాష్ట్ర సుప్రీంకోర్టు 2013లో, అసలు హెచ్చరించే బాధ్యతే లేదని బాధిత కుటుంబాల కేసు కొట్టేసింది. హంతకుడి కౌన్సెలింగ్ రికార్డులు కనిపించడం లేదని విచారణ సంఘానికి చెప్పారు. 2009లో అవి కౌన్సెలింగ్ కేంద్రపు మాజీ డైరెక్టర్ ఇంట్లో తేలాయి. పొరపాటున ఇంటికి చేరాయట.

ఈ విషాదం తర్వాత అమెరికా విశ్వవిద్యాలయాలు ఎస్ఎంఎస్ హెచ్చరికల ఏర్పాట్లు కొనుక్కున్నాయి. లూయీజియానా స్టేట్ విశ్వవిద్యాలయమూ కొనుక్కుంది. అదే ఏడాది డిసెంబరు 13 రాత్రి అక్కడి విద్యార్థి నివాసాల్లో ఇద్దరు తెలుగు పరిశోధక విద్యార్థులను ఎవరో కాల్చి చంపారు. మన పత్రికల మొదటి పేజీలన్నీ ఆ వార్తే. ఆ రాత్రి పేరు నమోదు చేసుకున్న ఫోన్లలో కూడా చాలావాటికి హెచ్చరిక చేరలేదు.

లెక్కల సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. 2015-16లో దాదాపు 240 బడుల్లో కాల్పుల ఘటనలు జరిగాయని ఫెడరల్ విద్యాశాఖ ప్రకటించింది. ఎన్‌పీఆర్ రేడియో విలేఖరులు ఒక్కో బడికీ ఫోను చేశారు. నిర్ధారణ అయినవి 11. మా దగ్గర అలాంటిదేమీ జరగలేదని 161 చోట్ల చెప్పారు. క్లీవ్‌లాండ్ జిల్లా 37 రాసింది, అది వేరే వరుసలో పడాల్సిన అంకె. జార్జియాలో ఒకచోట కాల్పులన్నది బస్సులో పిల్లాడు పేల్చిన ఆటబొమ్మ తుపాకీ. మన దీపావళి రీలు తుపాకీ లాంటిదన్నమాట. బయటివాళ్ళ లెక్కలూ ఒకటితో ఒకటి కలవవు. ఒక సంస్థ తుపాకీ చూపించినా లెక్కేస్తుంది, ఇంకొకటి బడివేళల్లో తూటా పేలితేనే. అందుకే 2018లో ఆరు వారాల్లో 18 కాల్పులన్న అంకె నాయకుల నోట మోగి, మర్నాటికే ప్రశ్నార్థకమైంది. ఎక్కువ రాసినా తక్కువ రాసినా తల్లికి కావలసింది తెలియదు.

టెక్సస్‌లో ఉంటున్న నాకు తెలిసిన ఒకామె ఒకసారి తన ఫోను చూపించింది. పిల్ల బడి నుంచి రెండు సందేశాలు, నలభై నిమిషాల తేడాతో. బడి లాక్‌డౌన్‌లో ఉందని ఒకటి, లాక్‌డౌన్ ఎత్తేశాం, అందరూ క్షేమం అని రెండోది. ఎందుకు పెట్టారో రెండింట్లోనూ లేదు. "పిల్లనడిగితే, టీచర్ లైట్లు ఆర్పేసింది, మేం గోడకానుకుని కూచున్నాం, నాకు బాత్రూం వచ్చింది అంది" అని నవ్వబోయి ఊరుకుంది.

లాక్‌డౌన్ అన్న మాట ఎంత అరిగిపోయిందో టెక్సస్‌లోనే యువాల్డీ అనే ఊళ్ళో కనిపించింది. సరిహద్దు దాటినవాళ్ళను పోలీసులు తరిమినప్పుడల్లా అక్కడి బడుల్లో హెచ్చరిక మోగేది. ఆ వసంతంలో కొద్ది నెలల్లోనే యాభైకి దగ్గర. నాన్నా పులి కథే. 2022 మే 24న తుపాకీతో ఒకడు నిజంగా బడిలోకి వచ్చినప్పుడు ఫోనులో సందేశం అందనివాళ్ళు కొందరు, అందినా మామూలేననుకున్నవాళ్ళు కొందరు. మైకులో ఎవరూ చెప్పలేదు. 376 మంది పోలీసులు చేరి, 77 నిమిషాలు ఆగారు. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు.

మరుసటి జనవరిలో వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్‌లో ఆరేళ్ళ పిల్లాడు తన టీచర్‌ను కాల్చాడు. ఆ రోజు పొద్దుటి నుంచి పిల్లాడి దగ్గర తుపాకీ ఉందన్న మాట ఒకటికి రెండుసార్లు ఆఫీసుకు వెళ్ళింది. సంచి వెతికారు, దొరకలేదు. జేబులు వెతుకుతానని కౌన్సెలర్ అడిగితే, కాసేపట్లో తల్లి వస్తుందిగా అని ఆపేశారు. బతికి బయటపడ్డ టీచర్‌కు 2025 నవంబరులో జ్యూరీ, అప్పటి అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌ను తప్పుపడుతూ, కోటి డాలర్లు ఇప్పించింది. ఒక బడి అధికారి చేసిన పని మీద కాక చెయ్యని పని మీద ఇంత మొత్తం పడటం అమెరికా బడి ఆఫీసులన్నీ చదవవలసిన తీర్పు.

ఇక మొదలుపెట్టిన చోటికే. 2022 నవంబరు 13 రాత్రి వర్జీనియా విశ్వవిద్యాలయానికి తరగతి యాత్ర నుంచి తిరిగొచ్చిన బస్సులో ఒక విద్యార్థి ముగ్గురు ఫుట్‌బాల్ ఆటగాళ్ళను కాల్చి చంపాడు. అతని దగ్గర తుపాకీ ఉందన్న మాట సెప్టెంబరులోనే అధికారుల చెవిన పడింది. రూమ్మేట్‌ను అడిగారు, తను చూడలేదన్నాడు. తర్వాత కాల్చిన ఆ విద్యార్థి మాత్రం అధికారులకు సహకరించలేదు. దొంగచాటుగా ఆయుధం పెట్టుకున్న పాత కేసులో శిక్ష పడ్డట్టూ బయటపడింది, అది విశ్వవిద్యాలయానికి తానే చెప్పుకోవలసిన సంగతి, చెప్పలేదు. క్రమశిక్షణ చర్యకు పంపాలని అక్టోబరు చివర్లో నిర్ణయించారు. కాల్పుల తర్వాత చూసుకుంటే, మనిషి పొరపాటో యంత్రం పొరపాటో గానీ, ఆ నివేదిక విద్యార్థి న్యాయమండలికి చేరనే లేదు. అప్పుడు పంపించారు.