నౌరు: తవ్వేసిన దీవి కథ

ప్రపంచ పటంలో నౌరు దొరకాలంటే బాగా వెతకాలి. పసిఫిక్ మహాసముద్రంలో, భూమధ్యరేఖకు కాస్త దక్షిణాన ఉన్న ఈ దేశం మొత్తం వైశాల్యం 21 చదరపు కిలోమీటర్లే. నది లేదు, సహజమైన ఓడరేవు లేదు. చుట్టూ పగడపు దిబ్బలు, తీరం వెంట కొబ్బరిచెట్లున్న సన్నని చదును నేల, లోపల ఎత్తైన మెట్ట, బువాడా అనే చిన్న సరస్సు. అంతే దేశం! కానీ దాని చరిత్ర మాత్రం చిన్నది కాదు.

1888లో జర్మనీ ఈ దీవిని తనలో కలుపుకుంది. 1900 ప్రాంతంలో, సిడ్నీలోని ఒక కంపెనీ ఆఫీసులో తలుపుకు అడ్డంగా పెట్టిన రాయిని ఆల్బర్ట్ ఎల్లిస్ అనే ఉద్యోగి పరీక్షించాడు. అది మేలురకం ఫాస్ఫేట్! ఆ రాయి వచ్చింది నౌరు నుంచే. మన రైతులు వేసే సూపర్ ఫాస్ఫేట్ ఎరువు కూడా ఇలాంటి రాతితోనే తయారవుతుంది. 1907లో ఎగుమతి మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి గనులు నడిపాయి. వాళ్ళ పొలాలకు ఎరువు చవగ్గా అందింది, దీవివాళ్ళకు దక్కింది కొంచెమే.

నన్ను ఎక్కువగా కదిలించింది రెండో ప్రపంచ యుద్ధకాలం. 1942లో దీవిని ఆక్రమించిన జపాన్, 1943లో సుమారు 1,200 మంది నౌరు ప్రజలను దూరాన ఉన్న ట్రూక్ దీవులకు తరలించింది. ఆకలితో, జబ్బులతో ఎంతోమంది చనిపోయారు. 1946 జనవరి 31న తిరిగొచ్చింది 737 మందే. 1968లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు, వాళ్ళు ఎంచుకున్న తేదీ అదే జనవరి 31.

అంతకుముందు, తవ్వకాలతో దీవి పాడైపోతోందని, అందరినీ తన కర్టిస్ దీవికి పంపాలని ఆస్ట్రేలియా ప్రతిపాదించింది. వెళితే తమ జాతి ఉనికే పోతుందని నౌరు పెద్దలు 1964లో ఒప్పుకోలేదు.

తర్వాత గనులు వాళ్ళ చేతికే వచ్చాయి. 1970లలో నౌరు ప్రపంచంలోని ధనిక దేశాల్లో ఒకటి. కానీ తవ్వకం ఆగలేదు, వచ్చిన డబ్బు నిలవలేదు. పాత నష్టానికి పరిహారం కోసం 1989లో అంతర్జాతీయ న్యాయస్థానంలో ఆస్ట్రేలియా మీద కేసు వేస్తే, 1993లో రాజీ కుదిరింది.

ఇప్పుడు మెట్ట మీద ఎక్కువ భాగం సున్నపురాయి మొనలే. అక్కడ ఇల్లు కట్టలేం, పంట వేయలేం. జనంలో ఎక్కువమంది తీరం వెంటే ఉంటున్నారు. సముద్రమట్టం పెరిగితే వాళ్ళు ఎక్కాల్సింది ఆ మెట్టే. ఎరువు కోసం తవ్వేసింది కూడా దాన్నే.

డబ్బు ఇస్తే రాయి వస్తుంది, కానీ పోయిన మట్టి ఒక తరంలో తిరిగి రాదు. నౌరు చరిత్ర నుంచి నేను నేర్చుకున్నది ఇదే.