అర్హత పత్రం కన్నా ముందు: కుక్కలకు నేర్పిన స్త్రీల చరిత్ర

ఏం చదువుకున్నావు? ఎవరి దగ్గర నేర్చుకున్నావు? ఎన్నేళ్ల అనుభవం? పని ఇచ్చేముందు ఎవరినైనా అడిగే ప్రశ్నలివి. చూడ్డానికి ఏ పక్షపాతమూ లేనట్టే ఉంటాయి. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాటి అర్థం మారిపోతుంది. ఇంట్లో నేర్చుకున్నది చదువు కాదు. అమ్మ దగ్గర నేర్చుకున్నది శిక్షణ కాదు. జీతం లేకుండా చేసినది అనుభవం కాదు. మంత్రసానుల విషయంలో, విత్తనాలు దాచిన రైతు స్త్రీల విషయంలో ఇదే జరిగింది. కుక్కలకు శిక్షణనిచ్చే వృత్తి చరిత్ర మనకి దూరంగా, చిన్నదిగా అనిపించవచ్చు. కానీ అక్కడా ఇదే కథ.

ఈ వృత్తికి ఆధునిక రూపమిచ్చింది పోలీసులు, సైన్యం. జర్మన్ పోలీసు అధికారి కోన్రాడ్ మోస్ట్ 1910లో రాసిన శిక్షణ గ్రంథం దశాబ్దాల పాటు దారి చూపింది. ఆజ్ఞాపించడం, మాట వినకపోతే మెడపట్టీ గుంజడం, దెబ్బ వేయడం ఆ పద్ధతిలో భాగాలు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కుక్కలకు శిక్షణనిచ్చి, తర్వాత డిస్నీ సినిమాల కుక్కలకు నేర్పిన విలియం కోహ్లర్ 1962లో రాసిన పుస్తకమూ ఈ దారిదే. యూనిఫాం తొడుక్కున్నవాడికి వేరే అర్హత అక్కర్లేకపోయింది. మన దగ్గర కూడా కుక్కల శిక్షణ అనగానే గుర్తొచ్చేది పోలీసు డాగ్ స్క్వాడే, హైదరాబాద్ పక్కన మొయినాబాద్‌లో ఉన్న శిక్షణ కేంద్రమే.

అదే కాలంలో ఇంకో పాయ కూడా నడుస్తోంది. న్యూయార్క్ రాష్ట్రంలో పూడిల్ కుక్కల్ని పెంచే హెలెన్ వైట్‌హౌస్ వాకర్‌కి, పూడిళ్లు అలంకారానికే తప్ప దేనికీ పనికిరావన్న ఎగతాళి నచ్చలేదు. (ఈ ఎగతాళి ఇంకెవరి గురించో విన్నట్టు లేదూ?) 1933లో మౌంట్ కిస్కోలోని తండ్రి ఎస్టేట్‌లో ఆమె ఒక పోటీ పెట్టింది. కుక్క అందాన్ని కాదు, నేర్చుకున్నదాన్ని చూసే పోటీ అది. వచ్చిన కుక్కలు ఎనిమిది. ఆ తర్వాత ఆమె, ఆమె కుక్కలశాలలో పనిచేసే బ్లాంచ్ సాండర్స్ కలిసి 1937లో కారుకి ట్రెయిలర్ తగిలించుకుని, పూడిళ్లని ఎక్కించుకుని, దేశంలో దాదాపు పదివేల మైళ్లు తిరిగి ఊరూరా ప్రదర్శనలిచ్చారు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఈ పోటీల్ని 1936లోనే అధికారికంగా స్వీకరించింది. కానీ ఆ క్లబ్ ప్రతినిధుల సభలో ఆడవాళ్లకి చోటు దొరికింది 1974లో! పోటీని పుట్టించింది స్త్రీలు. దాని నియమాల మీద ఓటు వేసింది దాదాపు నలభై ఏళ్ల పాటు మగవాళ్లే.

యుద్ధం వచ్చినప్పుడు, పౌరుల ఇళ్లలోని కుక్కల్ని సైన్యం కోసం సేకరించే 'డాగ్స్ ఫర్ డిఫెన్స్' సంస్థ 1942లో మొదలవడం వెనుక ఉన్నది ఆలీన్ ఎర్లాంగర్. ఆమె కూడా పూడిళ్లు పెంచిన మనిషే. ఆనాటి రాతల్లో ఆమె కనిపించేది 'మిసెస్ మిల్టన్ ఎర్లాంగర్'గా. సొంత పేరు కోసం వెతుక్కోవాలి.

అందరికన్నా నన్ను ఆపేసిన పేరు మారియన్ బ్రెలాండ్. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో బి.ఎఫ్. స్కిన్నర్ శిష్యురాలు. యుద్ధకాలంలో పావురాలకు నేర్పే పరిశోధనలో పనిచేసింది. శిక్షించకుండా, సరైన పని చేసిన క్షణంలోనే బహుమతినిచ్చి నేర్పవచ్చని అక్కడ చూసింది. ఆమె, భర్త కెల్లర్ చదువు మధ్యలో వదిలి, ఈ జ్ఞానాన్నే బతుకుతెరువు చేసుకున్నారు. మొదట కుక్కల శిక్షకుల దగ్గరికే వెళ్లారు. వాళ్లు పట్టించుకోలేదు. దాంతో కోళ్లకీ పందులకీ ఇంకా ఎన్నో జంతువులకీ నేర్పారు. జంతువు స్వభావం శిక్షణను ఎలా దాటిపోతుందో చెబుతూ 1961లో ఇద్దరూ రాసిన వ్యాసం మనస్తత్వశాస్త్రంలో నిలిచిపోయింది. 1965లో కెల్లర్ చనిపోయాడు. మారియన్‌కి డాక్టరేట్ వచ్చింది 1978లో, అర్కాన్సాస్ విశ్వవిద్యాలయం నుంచి. వేలాది జంతువులకు నేర్పిన తర్వాత!

ఈ పద్ధతిని మామూలు ఇళ్లకు చేర్చింది కరెన్ ప్రయర్. ఆమె డిగ్రీ ఇంగ్లీషు సాహిత్యంలో. ముగ్గురు పిల్లల తల్లి. తల్లిపాల మీద 1963లో పుస్తకం రాసింది. ఆ ఏడాదే హవాయిలో డాల్ఫిన్ల శిక్షణ బాధ్యత తీసుకుంది. డాల్ఫిన్ మెడకి పట్టీ కట్టలేం, కొడదామంటే ఈదుకుంటూ వెళ్లిపోతుంది. అందుకే ఈల, చేప తప్ప దారి లేదు. అక్కడ తేలిన విషయాల్నే 1984లో 'డోంట్ షూట్ ది డాగ్'లో కుక్కల యజమానులకూ మనుషులకూ వర్తించేలా చెప్పింది.

ఇక్కడ ఒక తేలిక మాట నోటికి వచ్చేస్తుంది: "ఆడవాళ్లు కదా, సహజంగానే సున్నితం." ఆ మాటని ఒప్పుకోకూడదు. 1980లో బీబీసీ కార్యక్రమంతో బ్రిటన్‌లో ఇంటింటి పేరైన బార్బరా వుడ్‌హౌస్ వాడింది బిగుసుకునే గొలుసునే. సాండర్స్ కూడా పట్టెడ గుంజింది. దండన లేని బోధన స్త్రీల స్వభావంలోంచి ఊడిపడలేదు. అది పరిశీలనలోంచి, లెక్కల్లోంచి, చేతిపనిలోంచి తయారైన విద్య. స్వభావం అన్నామంటే దానికి జీతం ఇవ్వక్కర్లేదు. నర్సు ఓర్పుకీ, అంగన్‌వాడీ టీచరు లాలనకీ ఇంత తక్కువ విలువ కట్టడం వెనుక ఉన్నది ఆ మాటే కదా!

2001లో అమెరికాలో కుక్కల శిక్షకులకు స్వతంత్రంగా ధ్రువపత్రమిచ్చే మండలి ఏర్పడింది. అది పెట్టే ఒక పరీక్షకి కూర్చోవాలంటే కనీసం 300 గంటలు నేర్పిన అనుభవం చూపాలి. అయినా ఆ దేశంలో దాదాపు ఎక్కడా ప్రభుత్వ లైసెన్సు అవసరం లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. పత్రం లేనప్పుడు గొంతు పెద్దదిగా ఉన్నవాడే నిపుణుడవుతాడు. ఆ నష్టం కుక్కకి, ఇంట్లో దాన్ని చూసుకునే మనిషికి. కాబట్టి పత్రం వద్దనలేం. కానీ పత్రం వచ్చిన ప్రతిచోటా ఫీజు కట్టలేనివాళ్లు, పరీక్ష భాష రానివాళ్లు బయటపడతారు. మన మంత్రసానులు బయటపడింది అలాగే.

అందుకని అడగాల్సింది పత్రం ఉందా లేదా అన్నది మాత్రమే కాదు. అది ఏ పనిని లెక్కలోకి తీసుకుంటోంది, ఎవరు చేసిన పనిని? 1978లో విశ్వవిద్యాలయం మారియన్‌కి ఇచ్చింది జ్ఞానం కాదు, ఆమె దగ్గర మూడు దశాబ్దాలుగా ఉన్నదాని మీద ఒక ముద్ర. ఆ ముద్ర పడకుండానే పోయినవాళ్ల పని కూడా చరిత్రే. దాన్ని మనం రాసుకోవాలి.